చెంచా లెక్క

అహేరో సంతలో నాది నీలం రేకు తలుపు కొట్టు.
పశువుల మందులు అమ్ముతాను.
కోడి తుమ్మితే చెంచాడు పసుపు పొడి,
తుమ్మకపోతే ముందుజాగ్రత్తకి ఇంకో చెంచాడు.
డబ్బా మీద అచ్చేసిన కొలత ఎవరు చదివారు?
ఊరందరికీ నా చెంచాయే కొలత.
పదకొండేళ్లు.
గోళ్ల కింద ఆ పసుపు ఎంత తోమినా పోదు.

అపియో కూడా నా దగ్గరే కొనేది.
మూడొందల కోళ్లు, ఆరు పందులు,
ఇంటి వెనక మోకాలెత్తు పెంట.
పచ్చిపెంటే తీసుకెళ్లి ఆకుకూర మళ్లలో చల్లేది.
వాన పడితే మిగిలింది కాలవలోకి,
కాలవ న్యాండో ఏటిలోకి,
ఏరు సరస్సులోకి.
వెంట వెళ్లి చూసినవాళ్లం కాదు.

పోయిన వానల్లో
ఆమె కొడుకు ఒమొలో కాలికి పార తగిలింది.
వేలెడంత గాయం.
ఆస్పత్రిలో ఒక మందు వేశారు, మానలేదు.
రెండోది. మానలేదు.
మూడోదాని మూత తీస్తూ నర్సు, ఎవరితోనూ కాదన్నట్టు,
"ఈ క్రిములకి ఈ మందులు ముందే పరిచయం" అంది.
అరటిపళ్లు పట్టుకుని మంచం కాళ్ల దగ్గర నిలబడ్డాను.
ఎక్కడ పరిచయమని
నన్నెవరూ అడగలేదు.

పిల్లాడు బతికాడు.
కొంచెం ఎగరేసి నడుస్తాడు.

ఎరువంటే పెంట ఒక్కటే కాదు,
అడిగి తెచ్చుకున్న వస్తువు కూడా.
ఎరువు సొమ్ము బరువు చేటంటారు.
కోళ్లకి మేం ఎరువు తెచ్చిపెట్టిన ఆరోగ్యం
ఎవరి కాలి మీద తీరిందో చూశాను.

తర్వాత కిసుము నుంచి అవూర్ అనే పిల్ల వచ్చింది,
మోటారుసైకిల్ వెనక అట్టపెట్టె కట్టుకుని.
పెట్టె మడతల్లో గుడ్లు,
నువ్వుగింజ పక్కన పెడితే నువ్వే కొండ.
నల్ల సిపాయి ఈగవి.
"పురుగులు పడిపోతావే" అని
అత్త దోర్కా చేటతో సహా గుమ్మంలోకి వచ్చి తిట్టింది.
అపియో తొట్ల నిండా
నిజంగానే పురుగులు పోసింది.

వంగి వినమంది నన్ను.
పాలు పొంగబోయే ముందు గిన్నె అంచున వచ్చే చప్పుడు.
ముక్కు మూసుకుందామనుకున్నాను,
మూసుకునేంత కంపు లేదు.
వాటి పేగుల్లో కాపురముండే సూక్ష్మజీవులు
నా పసుపు పొడిని ముక్కలుముక్కలు చేస్తాయని
అవూర్ చాలా మర్యాదగా చెప్పింది.
నా పొడి అని ఆమెకి తెలియదు.
అపియోకి తెలుసు.

తినడం అయిపోయాక పురుగులు వాటంతటవే
తొట్టి అంచెక్కి పొడి చోటికి పాకిపోతాయి.
కొన్ని కోళ్లకి. కొన్ని మళ్లీ ఈగలవడానికి.
మిగిలిన నల్లటి పొట్టుని
గడ్డితో కలిపి కుప్ప పోస్తే అది కాగుతుంది.
గుచ్చిన ఇనుప ఊచ అరవై దాటి చూపిస్తుంది.
తెల్లారుజామున కుప్ప మీంచి ఆవిరి లేస్తుంటే
ఒమొలో చెయ్యి పెట్టి, కాలి, లాక్కుని నవ్వాడు.
"జ్వరం దీనికే రానీ" అంది తల్లి,
పారతో తిరగేస్తూ.

నెలన్నర తర్వాత అవూర్ కాగితం తెచ్చింది.
మొండి క్రిములు బాగా తగ్గాయి.
"పోయాయా?" అన్నాను.
"తగ్గాయన్నాను."
ఆ పిల్లలో నాకు నచ్చింది అదే.

ఈ మధ్య అపియో కొట్టు ముందునుంచే వెళుతుంది,
ఆగదు.
కోపమేమీ లేదు, చెయ్యూపుతుంది.
ఒకసారి ఆకుకూర కట్ట గల్లాపెట్టె మీద పెట్టి పోయింది.
రెండు రోజులు చూసి, మూడోరోజు వండుకున్నాను.

నిన్న ఒగాడా వచ్చాడు, ఐదొందల కోళ్లవాడు.
"ఎప్పటిలాగే" అన్నాడు.
శుక్రవారం కొట్టు అద్దె కట్టాలి.
డబ్బా మూత తీశాను, చెంచా ముంచాను,
"తుమ్ముతున్నాయా?" అన్నాను.
నన్ను వింతగా చూశాడు.
"లేదు. ఎందుకు?"

చెంచా ఇంకా పైకెత్తలేదు.